సోలార్ పథకంలో మన మున్సిపాలిటీ చేరాలా? కౌన్సిల్‌లో చేయి ఎత్తే ముందు చేయాల్సిన పనులు

కౌన్సిల్ సమావేశానికి అజెండా వస్తుంది. డ్రైనేజీలు, సీసీ రోడ్లు, శానిటేషన్ టెండర్ల మధ్యలో ఒక అంశం కనిపిస్తుంది: "సామూహిక సౌర విద్యుత్ కార్యక్రమంలో చేరుటకు కౌన్సిల్ ఆమోదం నిమిత్తం." దాని కింద నాలుగు లైన్లు. ఒక కంపెనీ పేరు, ఇన్ని కిలోవాట్లు అనే అంకె, కరెంట్ బిల్లు ఇంత శాతం తగ్గుతుందనే మాట. ఎవరో చదువుతారు, ఎవరూ ఏమీ అనరు, మినిట్స్‌లో 'ఆమోదించడమైనది' అని పడుతుంది. ఆ నాలుగు లైన్లతో మున్సిపాలిటీ సాధారణంగా 25 ఏళ్లకు కట్టుబడుతుంది. కౌన్సిల్ పదవీకాలం అయిదేళ్లే. మీ తర్వాత రాబోయే నాలుగు కౌన్సిళ్ల సంతకం కూడా మీరే పెడుతున్నారన్నమాట.

ఈ రాత వరంగల్ కార్పొరేటర్‌కు ఎంత పనికొస్తుందో పరకాల, నర్సంపేట, జమ్మికుంట, హుజూరాబాద్ లాంటి చోట్ల కౌన్సిలర్‌కూ అంతే పనికొస్తుంది. వార్డు కమిటీ సభ్యులకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అడిగే తీరిక వాళ్లకే ఉంటుంది. నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి కార్యక్రమాల్లో చేరడం చాలాసార్లు మంచిదే. కానీ పంప్‌హౌస్‌లతో మొదలుపెట్టాలి. అది కూడా మన కరెంట్ బిల్లులు మనం చదివిన తర్వాతే.

ముందు ఆ పేరు కింద ఏముందో తేల్చండి

'సామూహిక', 'కమ్యూనిటీ' అనే మాటలు ఇప్పుడు అన్నిటికీ తగిలిస్తున్నారు. కమిషనర్‌నో, అంశం పెట్టిన ఇంజినీర్‌నో మూడే ప్రశ్నలు అడగండి. ప్యానెళ్లు ఎవరి సొంతం? స్థలం ఎవరిది? తగ్గేది ఎవరి పేరు మీదున్న బిల్లు? ఈ మూడింటికి జవాబు వస్తే అసలు కథ తెలిసిపోతుంది.

ప్యానెళ్లూ స్థలమూ రెండూ మున్సిపాలిటీవే అయితే అది మామూలు నెట్ మీటరింగ్, అంటే మనం గ్రిడ్‌లోకి పంపిన యూనిట్లను మన బిల్లులోంచి తీసేసే పద్ధతి. డబ్బు మనది, ఆదా మనది, రిపేర్ల బాధా మనదే. ప్యానెళ్లు కంపెనీవి, కప్పు మనది అయితే దాన్ని రెస్కో పద్ధతి అంటారు. మనం పైసా పెట్టనక్కర్లేదు కానీ అక్కడ పుట్టే ప్రతి యూనిట్‌కూ ఒప్పుకున్న రేటు ఇన్నేళ్లు కడుతూ ఉండాలి. ప్యానెళ్లు ఎక్కడో వేరే జిల్లాలో ఉండి, కరెంట్ మాత్రం మన లెక్కలోకి వస్తుందంటే అది ఓపెన్ యాక్సెస్. 2022లో కేంద్రం తెచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలతో ఈ అర్హత ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దిగింది కాబట్టి చిన్న మున్సిపాలిటీలకూ ఇప్పుడు ఈ ప్రతిపాదనలు వస్తున్నాయి. ఇందులో కరెంట్ రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం. కరెంట్‌ను తీగల మీద మన దాకా తెచ్చినందుకు వీలింగ్, ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు, పంపిణీ సంస్థను కాదని బయట కొన్నందుకు పడే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి అన్నీ కలిపి మన మీటరు దగ్గరికి వచ్చేసరికి యూనిట్ ఎంత పడుతుందో అదే అసలు రేటు. వాడుకునేవాళ్లే వాటా పెట్టుకున్న క్యాప్టివ్ ప్లాంట్ అయితే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి ఉండదు. కానీ దానికి వాడకందారులకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఉత్పత్తిలో 51 శాతం వాళ్లే వాడాలి. "క్యాప్టివ్ కింద చేయిస్తాం సార్" అని ఎవరైనా అంటే, ఆ 26 శాతం వాటా డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో అక్కడికక్కడే అడగండి.

ఇంకో రకం ఉంది. ప్రతిపాదనలో అమెరికా ఉదాహరణలు పెట్టి పవర్‌పాయింట్ చూపిస్తే అది ఇదే. కాలిఫోర్నియాలో 2002లో చేసిన ఒక చట్టంతో నగర కౌన్సిళ్లు ఓటు వేసి, తమ ఊరి వాళ్లందరి తరఫున కరెంట్ కొనే ఉమ్మడి సంస్థల్లో చేరవచ్చు. 2010లో మారిన్ కౌంటీ అక్కడ మొదటిది. తీగలు, స్తంభాలు, బిల్లింగ్ పాత కంపెనీ చేతిలోనే ఉంటాయి, కరెంట్ మాత్రం కొత్త సంస్థ కొంటుంది. ఇష్టం లేని వాళ్లు వద్దని రాసిచ్చి బయటికి రావచ్చు, ఏమీ రాయకపోతే చేరినట్టే. అక్కడి కౌన్సిళ్లలో గంటల తరబడి చర్చ జరిగేది రేటు గురించే కాదు. పాత కంపెనీ ముందే చేసుకున్న ఒప్పందాల భారాన్ని బయటికి వెళ్లే వాళ్లు కూడా మోయాలని ఒక ఛార్జీ ఉంటుంది, దాని మీదే ఎక్కువ పంచాయితీ. మన దగ్గర ఊరంతటికీ కరెంట్ కొనిపెట్టే అధికారం మున్సిపాలిటీకి లేదు, పంపిణీ లైసెన్స్ డిస్కంది, అంటే కరెంట్ పంపిణీ సంస్థది. కాబట్టి ఆ పద్ధతిని చూపించి మన వార్డులో ప్రతి ఇంటికీ చవక కరెంట్ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటే: చేరే రేటుతో పాటు బయటపడే ఖర్చు కూడా ఓటు వేయకముందే అడగడం.

తర్వాత మున్సిపాలిటీ బిల్లులన్నీ ఒకచోట పెట్టండి

అసలు పని ఇక్కడే ఉంది. ఎవరూ చేయని పని కూడా ఇదే. అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి గత 12 నెలల కరెంట్ బిల్లులు సర్వీస్ నంబర్ల వారీగా కావాలని రాసివ్వండి. సభ్యులు కాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒకే మొత్తం అంకె ఇచ్చి సరిపెట్టబోతారు, ఒప్పుకోకండి. 'విద్యుత్ ఛార్జీలు, ఇన్ని కోట్లు' అనే లైన్‌తో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

లిస్టు చేతికి వచ్చాక మూడు కుప్పలు చేయండి. వీధిదీపాలు ఒక కుప్ప, తాగునీటి పంపులు ఒక కుప్ప, ఆఫీసులు, మార్కెట్లు, కమ్యూనిటీ హాళ్లు, పార్కులు ఇంకో కుప్ప. వీధిదీపాలు, తాగునీరు ఎల్‌టీ-6 (తక్కువ వోల్టేజి) కేటగిరీలో వస్తాయి. పెద్ద పంపింగ్ స్టేషన్లయితే హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి) సర్వీసులు. ఒక్కో కేటగిరీ రేటు ఒక్కోలా ఉంటుంది కాబట్టి సోలార్‌తో మిగిలేది కూడా ఒక్కోలా ఉంటుంది. రేటు ఎక్కువ ఉన్న సర్వీసు మీద పెడితే త్వరగా గిట్టుబాటవుతుంది. కంపెనీ మాత్రం తనకు కప్పు ఎక్కడ వీలుగా ఉంటే అక్కడ పెడతానంటుంది. మీ లెక్కా వాళ్ల లెక్కా వేరుపడేది ఇక్కడే.

కుప్పలు చేస్తున్నప్పుడు కొన్ని వింతలు దొరుకుతాయి. ఎప్పుడో మూతపడ్డ బోరుకు ఇంకా నెలనెలా కనీస ఛార్జీ కడుతుంటారు. ఎండిపోయిన పవర్ బోరు, తీసేసిన హైమాస్ట్ లైటు, కూలగొట్టిన పాత బిల్డింగు, వీటి మీటర్లు కాగితంలో బతికే ఉంటాయి. పగలు కూడా వెలిగే వీధిదీపాల లైన్లు ఉంటాయి. టైమర్ పాడైపోతే ఎవరో స్విచ్ వేసి వదిలేస్తారు. సోలార్ గురించి ఆలోచించే ముందు వీటిని సరిచేస్తే ఖర్చు లేకుండా వచ్చే ఆదా ఇదే. చెప్పొద్దూ, కొన్ని ఊళ్లలో సోలార్ కంటే ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్ కావాలి.

హెచ్‌టీ బిల్లు ఉంటే ఇంకో లైను తప్పకుండా చూడండి. అందులో యూనిట్ల ఛార్జీతో పాటు డిమాండ్ ఛార్జీ వేరుగా ఉంటుంది. నెలలో ఒక్కసారి ఎక్కువ పంపులు కలిసి తిరిగినా ఆ గరిష్ఠ డిమాండ్‌ను బట్టి పడుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు పంపులన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఆ సమయానికి ఎండ ఉండదు, సోలార్ దాన్ని తగ్గించలేదు. కాబట్టి "మొత్తం బిల్లులో సగం మిగులుతుంది" అని రాసి ఉంటే, డిమాండ్ ఛార్జీ తీసేశాక మిగిలిన దాంట్లో సగమా, మొత్తంలో సగమా అని అడగాలి.

కరెంట్ ఎప్పుడు వాడుతున్నారో గడియారంతో చూడండి

సోలార్ పగటిది, వీధిదీపం రాత్రిది. నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం ఈ తేడా కాగితంలో కలిసిపోతుంది. పగలు గ్రిడ్‌లోకి పంపిన యూనిట్లు మన వాడకంలోంచి తీసేస్తారు. కానీ ఆ సౌకర్యం నిబంధన మీద ఆధారపడింది. నిబంధన మారితే లెక్క మారుతుంది. నీటి పంపుకు ఆ ఇబ్బంది లేదు, పగలే తిప్పుకోవచ్చు.

వరంగల్‌లో ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్లు నగరానికి నిల్వగా ఉంటాయి, అక్కడి నుంచి ఫిల్టర్‌బెడ్లకు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించాలి. ఏ ఊళ్లోనైనా ఈ ఎక్కించే పనిలో కొంత భాగాన్ని ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్యకు జరపగలిగితే, ప్యానెళ్లు చేసిన కరెంట్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. నెట్ మీటర్ నిబంధన రేపు ఎటు తిరిగినా ఆ ఆదా ఎక్కడికీ పోదు. పంప్ ఆపరేటర్లను కూర్చోబెట్టి అడగండి: ఏ పంపు ఎన్ని గంటలకు వేస్తారు, ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యాహ్నం వేస్తే సాయంత్రం నల్లా టైముకు సరిపోతుందా? ఈ జవాబులు ఏ కన్సల్టెంట్ రిపోర్టులోనూ ఉండవు. వాళ్ల జేబుల్లో ఉండే చిన్న నోట్‌బుక్కుల్లో ఉంటాయి.

లెక్క మీ చేత్తో వేయండి

నాలుగు అంకెలు గుర్తుంటే చాలు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని కప్పు కావాలి. ఏటా ఉత్పత్తి అర శాతం నుంచి ముప్పావు శాతం దాకా తగ్గుతూ పోతుంది. ప్యానెల్ కరెంట్‌ను మనం వాడుకునే కరెంట్‌గా మార్చే ఇన్వర్టర్ మాత్రం ప్యానెల్ అంత కాలం బతకదు, పదేళ్ల తర్వాత ఎప్పుడైనా మార్చాల్సి రావచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. రేట్లు నేను అనుకున్నవి, మీరు మీ బిల్లులోవి వేసుకోండి. ఒక ఫిల్టర్‌బెడ్ దగ్గర 200 కిలోవాట్లు పెడతామన్నారు. 200ను 4తో, తర్వాత 365తో హెచ్చిస్తే ఏడాదికి 2,92,000 యూనిట్లు. మనం ఇప్పుడు డిస్కంకు కట్టేది యూనిట్‌కు 7 రూపాయలు, కంపెనీ అడిగేది 5 రూపాయలు అనుకుందాం. యూనిట్‌కు 2 రూపాయల చొప్పున ఏడాదికి 5,84,000 రూపాయలు మిగులుతాయి. బాగానే ఉంది. ఇప్పుడు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో 'ఏటా 3 శాతం పెంపు' అని ఉందనుకోండి. డిస్కం రేటు కదలకుండా ఉంటే, 13వ ఏడాదికి కంపెనీ రేటు 7 రూపాయలు దాటిపోతుంది. అక్కడి నుంచి మిగిలిన పన్నెండేళ్లకు పైగా మనం సోలార్ కరెంట్‌ను గ్రిడ్ కంటే ఎక్కువకు కొంటాం. డిస్కం రేట్లు కూడా పెరుగుతాయి కదా అంటారు. పెరగవచ్చు. కానీ అవి ఎప్పుడు, ఎంత పెరగాలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (టీజీఈఆర్‌సీ) చెప్తుంది, పెరగకుండా ఏళ్లకేళ్లు నిలిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒప్పందంలోని 3 శాతం మాత్రం ఏ విచారణా లేకుండా పెరుగుతుంది. కాబట్టి పెంపు లేని స్థిరమైన రేటు అడగండి, లేదా రేటు ఎప్పుడూ డిస్కం రేటుకు ఇంత తక్కువ ఉండాలని రాయించండి.

అదే 200 కిలోవాట్లు మున్సిపాలిటీయే కొనుక్కుంటే? కిలోవాట్‌కు 50 వేలు అనుకుంటే కోటి రూపాయలు. ఏడాదికి మిగిలేది 20,44,000. శుభ్రం చేయడం, రిపేర్లు కలుపుకున్నా ఆరేళ్లలోపు పెట్టుబడి తిరిగొస్తుంది. అందుకే 'మీరు రూపాయి పెట్టనక్కర్లేదు' అనే మాట వినగానే సంతోషపడకుండా, ఆ కోటి ఏదైనా గ్రాంటులోంచి దొరుకుతుందా అని ఒకసారి చూడటం మంచిది. దొరక్కపోతే రెస్కోనే దారి, తప్పేమీ లేదు.

ప్రతిపాదనలో రోజుకు కిలోవాట్‌కు 5 యూనిట్లు అని రాసి ఉంటే ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఎండాకాలంలో ఎండ ఎక్కువే కానీ వేడికి ప్యానెల్ సామర్థ్యం పడిపోతుంది. 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది, మే నెలలో మన కప్పులు ఎంత కాలుతాయో మనకు తెలుసు. వానాకాలం నెలలు సగటును ఇంకా కిందికి లాగుతాయి.

ఒప్పందం చదవడం

ముసాయిదా ఒప్పందం లేకుండా అంశం పెడితే వాయిదా అడగండి. అది మీ హక్కు. 'టేబుల్ అజెండా'గా అప్పటికప్పుడు తెస్తే మరీ గట్టిగా అడగండి. ఇంగ్లిష్‌లో నలభై పేజీలు ఉంటుంది. అంతా చదవలేకపోతే ఈ చోట్ల వేలు పెట్టి చూడండి.

ఉత్పత్తి హామీ ఉందా? కనీసం ఇన్ని యూనిట్లు రాకపోతే కంపెనీ ఏం కడుతుంది? దీనికి తిరగేసిన షరతు కూడా ఉంటుంది, అది మరీ జాగ్రత్తగా చూడాలి. కరెంట్ పోయినప్పుడు లేదా మన పంపుహౌస్ మూతపడినప్పుడు, ప్యానెళ్లు పని చేయకపోయినా చేసినట్టే లెక్కగట్టి డబ్బు అడిగే క్లాజు అది. గ్రిడ్ పోతే మామూలు రూఫ్‌టాప్ ప్లాంట్ కూడా భద్రత కోసం దానంతట అదే ఆగిపోతుంది. మన లైన్లలో షట్‌డౌన్లు ఎన్నో మీకు తెలుసు. ఆ గంటల నష్టం ఎవరిదో స్పష్టంగా ఉండాలి.

బిల్డింగ్ కూలగొట్టాల్సి వస్తే? రోడ్డు వెడల్పులో పోతే? ప్యానెళ్లు ఇంకోచోటికి మార్చే ఖర్చు ఎవరిది? 25 ఏళ్లలో వరంగల్ రోడ్లు ఎన్నిసార్లు వెడల్పవుతాయో ఎవరూ చెప్పలేరు.

వాన, వరద. 2023 జూలైలో నగరం ఎలా మునిగిందో చూశాం. ఇన్వర్టర్ గది, కేబుల్ జంక్షన్లు ఆ ఎత్తుకు పైన ఉండాలని రాయించండి. నాలా పక్కనున్న పంప్‌హౌస్‌లకు ఇది మరీ ముఖ్యం. బీమా ఎవరు చేయిస్తారో, వరద ఆ బీమాలో ఉందో లేదో చూడండి.

కోతులు. ఇది చదివి నవ్వే వాళ్లు మన ఊళ్ల వాళ్లు కాదు. కేబుళ్లు పీకుతాయి, ప్యానెల్ మీద దుంకుతాయి. 'వన్యప్రాణుల వల్ల నష్టం కంపెనీ బాధ్యత కాదు' అని క్లాజు ఉంటే కొట్టేయించండి, లేదా మెష్ కట్టే ఖర్చు వాళ్ల మీదే పెట్టండి.

కడగడం. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. క్వారీలు, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల ఇంకా ఎక్కువ. కడిగే నీళ్లు ఎవరివి? బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ ఉంటే ప్యానెల్ మీద తెల్ల మరకలు కడతాయి. నెలకు ఎన్నిసార్లు కడగాలో, కడిగినట్టు ఎవరు సంతకం పెడతారో రాయించండి. ఎల్‌ఈడీ వీధిదీపాల ఒప్పందాలు చాలా ఊళ్లు చూశాయి. పెట్టేటప్పుడు హడావుడి, రెండేళ్ల తర్వాత వెలగని లైటుకు ఎవరికి ఫోన్ చేయాలో తెలియని పరిస్థితి. ఫిర్యాదు చేశాక ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, చేయకపోతే రోజుకు ఎంత జరిమానా అనే లైన్ లేకుండా సంతకం వద్దు.

ఇక మన వైపు. మున్సిపాలిటీ డబ్బు ఆలస్యంగా కడుతుందని కంపెనీలకు తెలుసు. అందుకే బ్యాంకు గ్యారెంటీయో, ప్రత్యేక ఖాతాయో అడుగుతాయి. అది న్యాయమే. కానీ డిస్కంకు పాత బకాయిలు పెట్టుకుని కొత్తగా ఇంకొకరికి బ్యాంకు గ్యారెంటీ ఇస్తే, డబ్బు బిగిసిన నెలలో మొదట ఆగేది శానిటేషన్ కార్మికుల జీతాలే. అకౌంట్స్ ఆఫీసర్‌ను లిఖితపూర్వకంగా అడగండి: ఈ చెల్లింపు ఏ పద్దు, వరుసలో ఎన్నోది?

చివరిది, బయటపడే దారి. పదేళ్లకో పదిహేనేళ్లకో ప్లాంటును మనమే కొనుక్కునే ధర ఎంతో ఏడాదివారీగా పట్టిక ఉండాలి. 'పరస్పర అంగీకారంతో నిర్ణయించబడును' అని ఉంటే ఆ దారి లేనట్టే.

నక్కలగుట్ట నుంచి ఒక ఉత్తరం

మన ప్రాంతమంతా టీజీఎన్‌పీడీసీఎల్ అనే డిస్కం కిందికి వస్తుంది, ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే, నక్కలగుట్ట విద్యుత్ భవన్‌లో. ఇతర జిల్లాల వాళ్లకు లేని సౌకర్యం వరంగల్ వాళ్లకు ఉంది, ఆటో ఎక్కి వెళ్లి అడగవచ్చు. మాటగా వద్దు, ఉత్తరంగా అడగండి. ఫలానా సర్వీస్ నంబర్‌కు ఇన్ని కిలోవాట్ల నెట్ మీటరింగ్ ఇస్తారా, శాంక్షన్ లోడ్ (ఆ సర్వీసుకు మంజూరైన కిలోవాట్లు) సరిపోతుందా, ట్రాన్స్‌ఫార్మర్ పెంచాల్సి వస్తే ఖర్చు ఎవరిది? కేంద్ర నిబంధనల ప్రకారం నెట్ మీటరింగ్ 500 కిలోవాట్లు లేదా శాంక్షన్ లోడ్, ఏది తక్కువైతే అంతవరకే. ఒక కప్పు మీద పుట్టిన కరెంట్‌ను వేరే మీటర్లలో పంచుకుంటామని ప్రతిపాదనలో ఉంటే, దానికి టీజీఈఆర్‌సీ ఏ ఉత్తర్వు కింద అనుమతి ఉందో, నంబరు, తేదీతో సహా రాయమని అడగండి. మిగులు యూనిట్లకు ఇచ్చే రేటు మనం కొనే రేటు కంటే తక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి. అందుకే అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టడం కంపెనీకి లాభమేమో కానీ మనకు కాదు.

కప్పు బలం గురించి కూడా ఇప్పుడే. పాత మున్సిపల్ బిల్డింగులు, మంచినీటి రిజర్వాయర్ల పైకప్పులు ఎంత బరువు మోస్తాయో కంపెనీ ఇంజినీర్ చెప్తే సరిపోదు. పక్కనే నిట్ ఉంది, సివిల్ విభాగంతో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

ఇళ్ల సంగతి విడిగా తేల్చండి

ప్రతిపాదనలో 'వార్డుల్లోని ఇళ్లను కూడా చేర్చుట' అని ఉంటే దాన్ని వేరే అంశంగా పెట్టమనండి. కారణం గృహజ్యోతి. 2024 నుంచి అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. మీరు వార్డులో సోలార్ మాటెత్తగానే వినిపించేది ఇదే: "మాకు జీరో బిల్లే వస్తాంది గదా సారూ, ఇగ సోలార్ ఎందుకు?" ఆ ప్రశ్న సబబే. నెలకు 120 యూనిట్లు కాల్చే ఇల్లు లోను తీసుకుని ప్యానెళ్లు పెట్టుకుంటే వాళ్లకు మిగిలేది వాయిదాలే. వాళ్లను ఒప్పించే పని పెట్టుకోకండి.

పనికొచ్చేది 200 దాటిన ఇళ్లకు. ఏసీ ఉన్నవాళ్లు, కింద షాపు పైన ఇల్లు ఉన్నవాళ్లు, అపార్ట్‌మెంట్లు. ఇళ్ల కప్పుల మీద సోలార్‌కు కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల దాకా సబ్సిడీ వస్తుంది. అపార్ట్‌మెంట్ సొసైటీలకు లిఫ్టు, మోటరు లాంటి ఉమ్మడి వాడకానికి కిలోవాట్‌కు 18 వేలు. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన ప్యానెళ్లే ఉండాలి. తక్కువ రేటుకు వేరేవి అంటగట్టే వాళ్లు తిరుగుతున్నారు, జాగ్రత్త. ఈ పథకంలో ఒక్కో ఇంటికి వెయ్యి రూపాయల చొప్పున స్థానిక సంస్థకు ప్రోత్సాహకం కూడా ఉంది. కౌన్సిల్‌లో ఎవరికీ ఈ సంగతి గుర్తుండదు, మీరు లేవనెత్తండి. సోలార్ పెట్టాక గ్రిడ్ నుంచి నికరంగా తీసుకునేది 200 లోపు అయితే గృహజ్యోతి ఎలా లెక్కేస్తారో డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే వార్డులో మాట ఇవ్వండి.

వార్డు కమిటీలను ఇక్కడ వాడుకోవచ్చు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. వాళ్లతో ఇంటింటి బిల్లులు అడిగించి, 200 దాటిన ఇళ్లు ఎన్నో లెక్క తీయించండి. ఆ లిస్టు ఉంటే కంపెనీ చెప్పే 'వెయ్యి ఇళ్ల' అంకెలో ఎంత నిజమో తేలిపోతుంది.

సిరిసిల్లకు ఒకసారి వెళ్లిరండి

స్టడీ టూర్ అంటే కౌన్సిళ్లు చాలా దూరం పోతాయి. ఇది బస్సు దూరంలోనే ఉంది. సిరిసిల్లలో 1970 నుంచి సహకార విద్యుత్ సంఘం నడుస్తోంది, అందరూ సెస్ అంటారు. డిస్కం దగ్గర కరెంట్ హోల్‌సేల్‌గా కొని జిల్లాలో మరమగ్గాలకు, బావులకు, ఇళ్లకు పంచుతుంది. డైరెక్టర్లను వినియోగదారులే ఓటు వేసి ఎన్నుకుంటారు. 2022 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో పార్టీలు ఎంత పోటీపడ్డాయో చూస్తే ఇందులోని మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. జనం అడగగలిగే సంస్థ అది, అదే సమయంలో రాజకీయం దూరగలిగే సంస్థ కూడా. మన ప్రతిపాదనలో 'కమ్యూనిటీ' అనే మాటకు అర్థం ఉండాలంటే అక్కడికి వెళ్లి రెండు విషయాలు అడగాలి. బకాయిలు ఎలా వసూలు చేస్తారు? రేటు విషయంలో మాట ఎవరిది? సహకారం లెక్కల క్రమశిక్షణతో ఎలా నిలబడుతుందో చూడాలంటే దారిలోనే, 1956 నుంచి నడుస్తున్న ముల్కనూరు సంఘం ఉంది, అక్కడ కూడా ఆగవచ్చు. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల ప్లాంట్ ఫొటోలకు బాగుంటుంది కానీ అది గ్రిడ్‌కు అమ్మే కరెంట్, మీ నిర్ణయానికి పనికొచ్చేది అక్కడ తక్కువ.

సమావేశం రోజు

పూర్తిగా కాదనడం, పూర్తిగా ఔననడం కాకుండా సవరణ ప్రతిపాదించండి. ముందే టైపు చేయించి తీసుకెళ్లండి, ఆ గోలలో నోటితో చెప్పింది మినిట్స్‌లో ఎక్కదు. ఇలా ఉండవచ్చు: "మొదటి దశలో తాగునీటి పంపింగ్ సర్వీసులకు మాత్రమే, ఏటా పెరగని రేటుతో, కనీస ఉత్పత్తి హామీతో, ఏడాదివారీ కొనుగోలు ధర పట్టికతో కూడిన ఒప్పంద ముసాయిదాను తిరిగి కౌన్సిల్ ముందుంచాలి. ఓపెన్ టెండర్ ద్వారానే ఎంపిక జరగాలి. వీధిదీపాలు, గృహాల విషయం మొదటి దశ ఏడాది ఫలితాలు చూశాక పరిశీలించాలి."

మూజువాణి ఓటుతో తోసేయబోతే, అభ్యంతరం పేరుతో సహా నమోదు చేయమని అడిగి, కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత మినిట్స్ కాపీ వచ్చాక మీ సవరణ ఉన్నది ఉన్నట్టు రాశారో లేదో ఆ వారంలోనే చూసుకోండి. నెలలు గడిచాక దిద్దించడం కష్టం.

ఒప్పందం అయ్యి ప్లాంటు మొదలయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. ప్రతి నెలా మూడు అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టించండి: ప్లాంట్ చేసిన యూనిట్లు, కంపెనీకి కట్టిన మొత్తం, అదే సర్వీసుకు డిస్కం బిల్లు. మొదటి రెండు మూడు బిల్లుల్లో నెట్ మీటర్ రీడింగ్ తప్పుగా ఎక్కడం, ఎగుమతి యూనిట్లు కలపకపోవడం మామూలే. ఏఈ ఆఫీసులో సరిచేయకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మున్సిపాలిటీ కూడా వినియోగదారే. ఫిర్యాదు రాయాల్సింది కమిషనరే అయినా, బిల్లు తేడాను ముందు పట్టుకునేది మాత్రం ఆ పంప్‌హౌస్ ఆపరేటర్. మీటర్ రీడింగ్ రాసిపెట్టే రిజిస్టర్ ఒకటి ఆయన చేతికి ఇప్పించండి.